ఊచల వెనక ఓ నాడి!

జైలుకెళ్లినవాడికీ జ్వరం వస్తుంది. గుండె నొప్పి వస్తుంది. షుగరు పెరుగుతుంది. బయటుంటే వీధి చివరి ఆర్‌ఎంపీ దగ్గరికో, పీహెచ్‌సీకో పరుగెత్తవచ్చు. లోపల ఉన్నవాడు పిలవగలడు అంతే, వెళ్లలేడు. ఆ పిలుపు వినే చెవి, ఆ నాడి పట్టే చేయి ఎంత దగ్గర్లో ఉన్నాయన్నదే జైలు వైద్యమంతా!

ముషీరాబాద్ జైలంటే ఒకప్పుడు హైదరాబాద్‌లో తెలియనివాళ్లు లేరు. ఇప్పుడు అక్కడికెళితే జైలు కనిపించదు. ఆ స్థలంలో గాంధీ ఆస్పత్రి ఉంది. సికింద్రాబాద్ రైల్వేస్టేషన్ దగ్గరున్న ఆస్పత్రి 2003లో అక్కడికి మారింది. వరంగల్‌లోనూ అదే కథ. 2021లో అక్కడి సెంట్రల్ జైలును ఖాళీ చేయించి, గోడలు కూల్చేసి, పెద్దాస్పత్రికి శంకుస్థాపన చేశారు. ఖైదీలను చర్లపల్లితోపాటు వేరే జైళ్లకు తరలించారు.

జైలు పోయి ఆస్పత్రి వస్తే ఎవరికైనా సంతోషమే. మరి జైలు ఉన్నచోట ఆస్పత్రి సంగతేమిటి?

ఈ ప్రశ్న వేసుకోవడానికి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాను మించిన చోటు లేదు. 2016 అక్టోబరులో ఏర్పడిన ఈ జిల్లాలోనే చర్లపల్లి కేంద్ర కారాగారం ఉంది. పక్కనే ఖైదీలు పొలం పనులు చేసుకునే ఓపెన్ జైలూ ఉంది. శామీర్‌పేటకు వస్తే 1998లో పుట్టిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం. ఖైదీకి ఏ హక్కులున్నాయో పాఠం చెప్పేది అక్కడ. ఆ దారినే ఇంకాస్త ముందుకెళితే తుర్కపల్లి వైపు టీకాల కంపెనీలు కొలువైన జీనోమ్ వ్యాలీ. మేడ్చల్ రోడ్డు పట్టుకుంటే వైద్య కళాశాలలు, ఏటా తెల్లకోటు వేసుకుని బయటికొచ్చే నర్సింగ్ విద్యార్థినులు. చట్టం, టీకా, నర్సు, జైలు... నాలుగూ ఒక్క జిల్లాలోనే ఉన్నాయి. ఆ నాలుగూ ఎక్కడ కలుసుకుంటాయన్నదే అసలు విషయం.

మొదటి రోజే ముఖ్యం

కోర్టు రిమాండు విధించగానే పోలీసులు మనిషిని జైలు గేటు దగ్గర అప్పగిస్తారు. పేరు, ఊరు, తండ్రి పేరు రాసుకుంటారు. ఒంటిమీది సొమ్ము, సెల్‌ఫోన్ లెక్క రాసి దాచిపెడతారు. ఆ తర్వాత జరగాల్సిందే వైద్య పరీక్ష. ఒంటిమీద గాయాలున్నాయా, ఆరోగ్యం ఎలా ఉంది, ఏ పని చేయగలడు... ఇవన్నీ రాయాలని 1894 నాటి జైళ్ల చట్టమే చెప్పింది. అందులోని 24వ సెక్షన్ అదే.

చూడ్డానికి ఇది కాగితాల పనిలా ఉంటుంది. కానీ ఆ పది నిమిషాల్లో తేలేవి ప్రాణాలే. పోలీసులు కొట్టిన దెబ్బ ఉంటే ఆ రోజే రికార్డుకెక్కాలి. మర్నాటికి అది ఎక్కడ తగిలిందన్నది వాదనగా మారిపోతుంది. ఇన్సులిన్ మీద బతుకుతున్నవాడు ఆ మాట చెప్పకపోతే రెండు రోజుల్లో కోమాలోకి వెళ్లొచ్చు. మూర్ఛ మందు వాడేవాడికి ఒక్క పూట మాత్ర అందకపోయినా ఫిట్స్ రావచ్చు.

మన ప్రాంతంలో ఇంకో చిక్కుంది. కల్తీ కల్లు! అల్ప్రాజొలామ్, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిపిన కల్లుకు అలవాటుపడిన మనిషికి ఒక్కసారిగా అది ఆగిపోతే ఒళ్లంతా వణుకు, నిద్ర ఉండదు, పిచ్చిచూపులు, లేనివి కనిపించడం, ఫిట్స్. 2015లో నిజామాబాద్ ప్రాంతంలో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు, 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఎర్రగడ్డ ఆస్పత్రి ముందు ఇలాంటివాళ్లే బారులు తీరారు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగినవారు ఆస్పత్రుల పాలై కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. అలాంటి అలవాటున్న మనిషి అరెస్టయితే? కల్లు ఆగిపోయేది జైలు గేటు దగ్గరే. అతను రాత్రంతా కేకలు పెడితే తెలియనివాళ్లు ‘నాటకాలాడుతున్నాడు’ అంటారు. తెలిసిన నర్సు మాత్రం నాడి చూస్తుంది, చేతుల వణుకు చూస్తుంది, డాక్టరుకు కబురు పెడుతుంది. ‘నాటకం’ అన్నదానికీ ‘లక్షణం’ అన్నదానికీ మధ్య ఉన్న తేడా ఆ చదువే.

పాత చట్టం... పదునైన ప్రశ్నలు

1894 చట్టం తెల్లదొరల కాలంది. శిక్షకే పెద్దపీట వేసింది. అయినా అందులో కొన్ని మాటలు ఇవాళ చదివినా ఆశ్చర్యమేస్తుంది. ప్రతి జైల్లో ఆస్పత్రిగానీ, రోగులను ఉంచేందుకు తగిన చోటుగానీ ఉండి తీరాలంది. పని చేసే ఖైదీని పదిహేను రోజులకోసారైనా తూకం వేసి, ఆ బరువును అతని హిస్టరీ టికెట్ మీద రాయమంది. ఎందుకు? తిండి చాలకపోయినా, పని ఎక్కువైనా, లోపల క్షయ మొదలైనా ముందుగా చెప్పేది బరువే కాబట్టి.

అన్నిటికంటే పదునైనది 15వ సెక్షన్. ఖైదీ చనిపోతే వైద్యాధికారి రిజిస్టరులో ఏమేం రాయాలో అది చెబుతుంది. తనకు బాగోలేదని అతను మొదట ఏ రోజు చెప్పాడు? ఆ రోజు ఏ పని చేస్తున్నాడు? ఏం తిండి పెట్టారు? ఆస్పత్రిలో ఏ రోజు చేర్చారు? డాక్టరుకు ఎప్పుడు తెలిసింది? చనిపోయేముందు చివరిగా ఎప్పుడు చూశారు?

ఈ తేదీలను ఒక వరుసలో పెట్టి చూడండి. మొదటిసారి ‘నొప్పి’ అన్న రోజుకూ ఆస్పత్రిలో చేర్చిన రోజుకూ మధ్య ఎన్ని రోజులున్నాయన్నది ఇట్టే తెలిసిపోతుంది. ఒక్క రోజుంటే ఒక కథ, పది రోజులుంటే మరో కథ. జైలు వైద్యం మంచిచెడ్డలను కొలిచే తూనికరాయి ఏదైనా ఉందంటే అదే.

ఆ పాత చట్టం స్థానంలో రాష్ట్రాలు కొత్తవి తెచ్చుకోవాలంటూ కేంద్రం 2023లో నమూనా చట్టాన్ని తయారుచేసి పంపింది. అంతకుముందే 2016లో నమూనా జైలు మాన్యువల్ వచ్చింది. దాని ప్రకారం 300 మంది ఖైదీలకు ఒక డాక్టరు ఉండాలి. రోజూ సగటున ఉండే ఖైదీల సంఖ్యలో అయిదు శాతం మందికి సరిపడా పడకలుండాలి. రెండు వేల మంది ఉండే కేంద్ర కారాగారమైతే వంద పడకలు, ఆరేడుగురు డాక్టర్లు, వాళ్లకు తగ్గట్టు స్టాఫ్‌నర్సులు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్ కావాలన్నమాట. ఓ మోస్తరు పట్టణంలోని ఆస్పత్రితో సమానం!

గోడకు అడ్డుపడని రోగం

జైల్లో రోగం జైల్లోనే ఉంటుందనుకుంటే పొరపాటు. 1577లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో ఒక విచారణ జరిగింది. ఖైదీలను కోర్టుకు తెచ్చారు. కొన్ని వారాల్లోనే న్యాయమూర్తులు, జ్యూరీ సభ్యులు సహా సుమారు 300 మంది జ్వరంతో చనిపోయారు. దానికి జనం పెట్టిన పేరు ‘జైలు జ్వరం’. పేల ద్వారా పాకే టైఫస్ అదని చాలాకాలం తర్వాత తెలిసింది. జాన్ హోవార్డ్ అనే పెద్దమనిషి 18వ శతాబ్దంలో జైళ్లన్నీ తిరిగి, వాటి దుస్థితిని 1777లో పుస్తకంగా రాశాడు. ఆయన సాక్ష్యం విన్నాక 1774లోనే అక్కడి పార్లమెంటు ఖైదీల ఆరోగ్యం కోసం ఒక చట్టం చేసింది. ఏడాదికోసారి గోడలకు సున్నం వేయాలి, జబ్బుపడ్డవాళ్లకు వేరే గదులుండాలి, ప్రతి జైలుకూ వైద్యుడుండాలి అన్నది దాని సారాంశం. హోవార్డ్ చివరికి 1790లో, ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఖెర్సన్‌లో అలాంటి జ్వరంతోనే కన్నుమూశాడు.

ఇవాళ ఆ స్థానం క్షయది. బయటి జనంతో పోలిస్తే జైళ్లలో దీని బెడద దాదాపు పది రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కారణం అర్థం చేసుకోవడం కష్టమేం కాదు. ఒకే బ్యారక్‌లో పక్కపక్కనే పడకలు, తక్కువ గాలి, సాయంత్రం లాకప్ వేస్తే మళ్లీ తెల్లారేదాకా అదే గది. 2022 చివరినాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. అంతమందికి చోటు లేదు. వంద మంది పట్టేచోట 131 మంది ఉన్నారని జాతీయ నేర గణాంకాల బ్యూరో చెప్పింది. ఒకరు దగ్గితే వినేది పక్కవాడి చెవి, పీల్చేది పక్కవాడి ఊపిరి.

నెల్సన్ మండేలాకు కూడా జైల్లోనే క్షయ వచ్చింది. 1988లో, పోల్స్‌మూర్ జైల్లో ఉండగా. తొందరగా కనిపెట్టారు, సరిగ్గా వైద్యం చేశారు, కోలుకున్నారు. ఆ తర్వాత ఆయన దేశాధ్యక్షుడయ్యారు. ఖైదీల పట్ల ఎలా వ్యవహరించాలో చెబుతూ ఐక్యరాజ్యసమితి 2015లో సవరించిన నియమాలకు పెట్టింది ఆయన పేరే. బయట జనానికి అందే స్థాయి వైద్యం లోపలివాళ్లకూ అందాలి, అది ప్రభుత్వం బాధ్యత అంటుంది వాటిలోని 24వ నియమం.

క్షయకు మందు ఉంది. కానీ కనీసం ఆరు నెలలు మానకుండా వాడాలి. చిక్కంతా ఇక్కడే. రిమాండు ఖైదీకి రెండో నెలలో బెయిలొస్తుంది. లేదంటే వేరే జైలుకు మారుస్తారు. మాత్రలు మధ్యలో ఆగిపోతే జబ్బు మొండికేస్తుంది. అందుకే జైలు నర్సు పని మాత్ర మింగించడంతో అయిపోదు. క్షయ రోగుల ప్రభుత్వ నమోదు వ్యవస్థ ‘నిక్షయ్’లో పేరు ఎక్కిందా, వెళ్లే ఊళ్లో ఏ పీహెచ్‌సీలో మందులిస్తారు, చీటీ చేతికిచ్చారా లేదా... ఇవీ చూసుకోవాలి. మేడ్చల్ నుంచి వచ్చినవాడు మళ్లీ మేడ్చల్‌కే వెళతాడు. అతని ఇంట్లో పసిపిల్లలుంటారు.

మేడ్చల్ టీకా... శామీర్‌పేట టీకా

కామెర్లకు కారణమయ్యే హెపటైటిస్-బి కూడా జైళ్లను వదలని జబ్బు. రక్తం ద్వారా సోకుతుంది. ఒకే బ్లేడుతో గడ్డాలు గీసుకోవడం, సూదితో పచ్చబొట్లు పొడుచుకోవడం, మత్తు సూదులు... అన్నీ దారులే. దీనికి టీకా ఉంది. జన్యు సాంకేతికతతో మన దేశంలో తయారైన తొలి హెపటైటిస్-బి టీకా పుట్టిల్లు మరెక్కడో కాదు, మేడ్చలే! కె.ఐ.వరప్రసాద్‌రెడ్డి 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో ‘శాన్‌వాక్-బి’ని మార్కెట్లోకి తెచ్చింది. విదేశీ టీకాను డబ్బున్నవాళ్లే కొనగలిగే రోజుల్లో దాన్ని మామూలు జనానికి అందుబాటులోకి తెచ్చిన ఘనత దానిదే.

పిల్లల ఉచిత టీకాల్లో హెపటైటిస్-బిని 2002లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, దేశమంతటికీ విస్తరించేసరికి దశాబ్దం పట్టింది. అంటే ఇవాళ జైళ్లలో ఉన్న వయోజనుల్లో చాలామంది పసితనంలో ఆ టీకా వేయించుకోనివాళ్లే. బయట ఉన్నప్పుడు ఆస్పత్రి గడప తొక్కనివాడు లోపల ఉన్నంతకాలం ఎక్కడికీ పోడు. మూడు డోసుల టీకా వేయడానికి అంతకంటే అనువైన సమయం దొరకదు. 2018లో కేంద్రం ప్రారంభించిన జాతీయ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో పరీక్షలు, మందులు ఉచితం. జైలును శిక్షాస్థలంగానే కాకుండా జబ్బులను పట్టుకునే చోటుగానూ చూడొచ్చని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

కరోనా కాలంలో ఈ మాట అందరికీ తెలిసొచ్చింది. జైళ్లలో రద్దీ తగ్గించేందుకు ప్రతి రాష్ట్రంలో ఉన్నతస్థాయి కమిటీ వేయాలని 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. మన జైళ్లలో ఖైదీలు కుట్టుమిషన్ల ముందు కూర్చుని బయటి జనం కోసం మాస్కులు కుట్టారు. 2021 జనవరిలో శామీర్‌పేట ప్రాంతంలోని జీనోమ్ వ్యాలీ నుంచి కోవాగ్జిన్ వచ్చింది. టీకా పొద్దున బయల్దేరితే గంటలో చర్లపల్లి చేరేంత దూరం! కానీ టీకా వేయించుకోవాలంటే గుర్తింపు కార్డు చూపించాలి. జైల్లో ఉన్నవాడి దగ్గర ఆధార్ ఎక్కడుంటుంది? చివరికి గుర్తింపు పత్రాలు లేనివారికి ఎలా వేయాలో కేంద్రం ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది. సాధువులు, సంచార జాతులు, మానసిక ఆస్పత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో ఉన్నవారితోపాటు ఖైదీల పేరూ ఆ జాబితాలో ఉంది.

అర్ధరాత్రి గుండె పట్టేస్తే...

పగలైతే ఎలాగోలా గడుస్తుంది. ఒంట్లో బాగోలేనివాళ్లు జైలు ఆస్పత్రికి వస్తారు. సిస్టరు బీపీ చూస్తుంది, షుగరు చూస్తుంది, కట్టు కడుతుంది, డాక్టరు మందు రాస్తారు. శిక్ష పడిన ఖైదీల్లోనే కొందరు వార్డుబాయ్‌లుగా సాయపడతారు. అసలు పరీక్ష లాకప్ తర్వాత మొదలవుతుంది. రాత్రి రెండింటికి బ్యారక్‌లో ఒకాయన ఛాతీ పట్టుకుని కూలబడ్డాడనుకోండి. పక్కవాళ్లు కేకేయాలి. కాపలా వార్డరు వినాలి. డ్యూటీ అధికారి రావాలి. తాళాలు రావాలి. అప్పుడు ఆస్పత్రికి చేర్చాలి. అక్కడ రాత్రి డ్యూటీలో నర్సు ఉండి, ఈసీజీ తీసి, ఇది గ్యాస్ నొప్పా గుండెపోటా అన్నది డాక్టరుకు చెప్పగలిగితే సగం ప్రాణం నిలిచినట్టే. గుండెపోటులో ప్రతి నిమిషానికీ లెక్కుంది మరి.

అక్కడి నుంచి గాంధీకో, ఉస్మానియాకో తీసుకెళ్లాలంటే ఎస్కార్ట్ కావాలి. తుపాకీలతో వెంట వెళ్లే ఆ పోలీసులు జైలు సిబ్బంది కారు. బందోబస్తులు, పండగలు, ఎన్నికలు వస్తే వాళ్లకు వేరే పనులుంటాయి. దాంతో స్కానింగుకో, కంటి ఆపరేషన్‌కో ఇచ్చిన తేదీ దాటిపోతుంది. మళ్లీ చీటీ, మళ్లీ తేదీ. పోలీసుల భయం కూడా ఊరికే వచ్చింది కాదు. 2020 ఆగస్టులో గాంధీ ఆస్పత్రిలో కరోనా చికిత్స పొందుతున్న నలుగురు ఖైదీలు పారిపోయారు. అలాంటిది ఒక్కటి జరిగితే ఆ తర్వాత వచ్చే వందమంది రోగుల మీదా అనుమానమే. అందుకే జైల్లో చేయగలిగిన వైద్యాన్ని అక్కడే చేయడం, ఫోను తెర మీద పెద్ద డాక్టరుకు చూపించే టెలిమెడిసిన్‌ను వాడుకోవడం రెండు పక్షాలకూ మేలు. అయితే తెర మీద డాక్టరు ఎంత గొప్పవాడైనా ఇక్కడ పొట్ట నొక్కి చూసేందుకు, నాలుక చాపమనేందుకు ఓ మనిషి కావాలి. ఆ మనిషి మళ్లీ నర్సే.

పుట్టిన ఊరు... జైలు కాకూడదు

ఆడవాళ్ల సంగతి వేరు. గర్భిణి అరెస్టయితే? ఆర్నెల్ల పసిబిడ్డ తల్లి అరెస్టయితే? దేశంలోని జైళ్లన్నిటికీ ఈ విషయంలో దారి చూపిన కేసు మన రాష్ట్రం పేరు మీదే ఉంది. ఆర్.డి.ఉపాధ్యాయ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్! 2006 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అందులో మార్గదర్శకాలిచ్చింది. గర్భిణిని జైలుకు పంపేముందు అక్కడ ప్రసవానికి, బాలింత సంరక్షణకు తగిన ఏర్పాట్లున్నాయో లేదో చూడాలి. వీలైనంతవరకూ కాన్పు బయటి ఆస్పత్రిలోనే జరగాలి. ఒకవేళ లోపలే జరిగితే పుట్టిన స్థలంగా జైలు పేరు రాయకూడదు, ఆ ప్రాంతం చిరునామా మాత్రమే రాయాలి. ఆరేళ్లదాకా బిడ్డ తల్లి దగ్గర ఉండొచ్చు. ఆ బిడ్డ ఖైదీ కాదు కాబట్టి పాలు, తిండి, టీకాలు, బడి అన్నీ అందాలి.

జనన ధ్రువీకరణ పత్రంలో ఒక్క మాట... చిన్నదిగానే కనిపిస్తుంది. రేపు ఆ పిల్ల బళ్లో చేరేటప్పుడు, పెళ్లి మాటలప్పుడు, పాస్‌పోర్టుకు వెళ్లినప్పుడు ఆ ఒక్క మాట వెంటాడకుండా ఆపిన తీర్పు అది.

గోడలు కనిపించని గది

ఒంటి జబ్బు కనిపిస్తుంది, మనసుది కనిపించదు. జైల్లో సహజం కాని మరణాల్లో ఎక్కువ ఆత్మహత్యలే. లోపలికి వచ్చిన తొలి రోజులు, బెయిలు తిరస్కరించిన రోజు, శిక్ష పడిన రోజు, ములాఖత్‌కు రావాల్సిన భార్య రాని రోజు... ప్రమాదం పొంచి ఉండేది అప్పుడే. అన్నం తినడం మానేసినా, దుప్పటి ముసుగేసుకుని గోడవైపు తిరిగి పడుకున్నా, ఉన్నట్టుండి తన వస్తువులు పక్కవాళ్లకు పంచేస్తున్నా పట్టించుకోవాల్సింది రోజూ చూసే మనుషులే. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం జైలు డాక్టర్లందరికీ ఇందులో శిక్షణ ఇవ్వాలని, ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైల్లోనైనా మానసిక వైద్య విభాగం ఉండాలని చెప్పింది. తెలంగాణ జైళ్లలో ‘ఉన్నతి’ పేరుతో ఖైదీల ఆలోచనా తీరు మార్చే కౌన్సెలింగ్ కార్యక్రమం నడిచింది. మాట్లాడేవాళ్లుంటే మనిషి నిలబడతాడన్నది ఇలాంటి కార్యక్రమాలన్నిటి వెనక ఉన్న నమ్మకం.

సిస్టరు ఎవరి పక్షం?

జైలు నర్సు ఉద్యోగంలో కత్తిమీద సాము ఇక్కడే. చుట్టూ ఉన్నది ఖాకీ. తను వేసుకున్నది తెల్లకోటు. రోగి చెప్పిన రహస్యం అధికారికి చెప్పాలా? హెచ్‌ఐవీ ఉందని పక్క ఖైదీకి తెలిస్తే ఏమవుతుంది? ఒంటిమీది వాతల గురించి రిజిస్టరులో రాస్తే ఎవరికి కోపం వస్తుంది? 1894 చట్టంలో కొరడా దెబ్బలకు ముందు ‘ఇతను తట్టుకోగలడు’ అని డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వాల్సి ఉండేది! మండేలా నియమాలు దాన్ని తలకిందులు చేశాయి. శిక్ష వేయడంలో వైద్య సిబ్బందికి ఏ పాత్రా ఉండకూడదన్నాయి. వైద్యం విషయంలో తీసుకున్న నిర్ణయాన్ని జైలు అధికారులు కాదనకూడదన్నాయి. అంతర్జాతీయ నర్సుల మండలి చెప్పేదీ అదే. నర్సు ముందున్నది నేరస్థుడా నిర్దోషా అన్నది కోర్టు చూసుకుంటుంది. ఆమెకు మాత్రం అతను రోగి.

పైగా లోపలున్నవాళ్లలో ఎక్కువమంది నేరం రుజువు కానివాళ్లే. 2022 లెక్కల ప్రకారం నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలు. ఆ ఏడాది దేశవ్యాప్తంగా జైళ్లలో రెండు వేల మందికి దగ్గరగా చనిపోయారు. ప్రతి పదిమందిలో దాదాపు తొమ్మిది మందివి జబ్బు, వృద్ధాప్యం వంటి సహజ మరణాలుగా నమోదయ్యాయి. ‘సహజం’ అన్న మాట కింద ఎన్ని ఆలస్యాలు దాగి ఉన్నాయో చెప్పేది పైన చెప్పుకున్న ఆ పాత తేదీల వరుసే.

కోర్టులు ఈ విషయాన్ని వదిలిపెట్టలేదు. జైళ్ల ప్రధాన సమస్యల్లో ఆరోగ్యం, పరిశుభ్రతల పట్ల నిర్లక్ష్యం ఒకటని 1996లో రామమూర్తి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రాయలసీమలోని కోయిలకుంట్ల సబ్‌జైలు మీద 1977లో జరిగిన బాంబుదాడిలో ఖైదీ ప్రాణం పోయింది. ఆ కేసు 2000లో చల్లా రామకృష్ణారెడ్డి తీర్పుగా ముగిసింది. ఖైదీ అయినంతమాత్రాన జీవించే హక్కు పోదని, దాన్ని కాపాడలేకపోతే ప్రభుత్వం పరిహారం చెల్లించాలని ఆ తీర్పు సారం.

అందరికీ తెలిసిన ఖైదీలు

జైలు వైద్యం గురించి తెలుగువాళ్లు ఇటీవలి కాలంలో ఎక్కువగా మాట్లాడుకున్నది ఇద్దరి విషయంలో. 79 ఏళ్ల కవి వరవరరావు ముంబయి దగ్గరి తలోజా జైల్లో ఉండగా 2020 జులైలో కరోనా బారిన పడ్డారు. బాంబే హైకోర్టు 2021 ఫిబ్రవరిలో ఆరోగ్య కారణాలతో ఆర్నెల్ల బెయిలిచ్చింది. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని శాశ్వతం చేసింది. అమలాపురం ప్రాంతంలో పుట్టిన ప్రొఫెసర్ జి.ఎన్.సాయిబాబాకు చిన్నప్పుడే పోలియో. చక్రాల కుర్చీ లేనిదే కదల్లేరు. నాగ్‌పుర్ జైల్లో ఏళ్ల తరబడి ఉన్నాక 2024 మార్చిలో బాంబే హైకోర్టు ఆయన్ను నిర్దోషిగా తేల్చింది. అదే ఏడాది అక్టోబరు 12న హైదరాబాద్ నిమ్స్‌లో మరణించారు. ఆయన కోరిక మేరకు పార్థివదేహాన్ని గాంధీ వైద్య కళాశాలకు ఇచ్చారు. అక్కడ ఒకప్పుడు ముషీరాబాద్ జైలుండేది.

వాళ్ల రాజకీయాలతో ఎవరు ఏకీభవించినా, విభేదించినా ఒక సంగతి మాత్రం నిజం. వాళ్ల కోసం వాదించే లాయర్లున్నారు, రాసే పత్రికలున్నాయి. అయినా వైద్యం కోసం కోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చింది. మరి కల్లు దుకాణం గొడవలోనో, సెల్‌ఫోన్ దొంగతనంలోనో లోపలికెళ్లిన పేరు తెలియని మనిషికి దగ్గొస్తే? అతనికి లాయరైనా, పత్రికైనా ఆ రోజు డ్యూటీలో ఉన్న నర్సు రాసే నాలుగు అక్షరాలే.

తిరిగొచ్చేది మన వీధికే

ఇంగ్లండులో 2006 నాటికి జైళ్లలో వైద్యాన్ని జైళ్ల శాఖ నుంచి తప్పించి, జనమందరికీ వైద్యం చేసే జాతీయ ఆరోగ్య సేవకే అప్పగించారు. నార్వేలో జైల్లో పనిచేసే డాక్టరు, నర్సు స్థానిక సంస్థ ఉద్యోగులు, జైలరు కింద పనిచేయరు. ఈ పద్ధతిలో ఉన్న లాభం ఒక్కటే. లోపల మొదలైన వైద్యం గేటు దగ్గర ఆగదు. మన దగ్గరా డాక్టర్లను వైద్య ఆరోగ్యశాఖ నుంచి డెప్యుటేషన్ మీద పంపే అలవాటు ఉన్నదే. పీహెచ్‌సీకి, ఏరియా ఆస్పత్రికి నర్సులను ఇచ్చినట్టే జైలుకూ ఇచ్చి, కొన్నేళ్లకు మార్చే ఏర్పాటుంటే లోపలి వైద్యం ఒంటరి ద్వీపంలా మిగిలిపోదు. నర్సింగ్ విద్యార్థినులను పల్లెలకు పంపినట్టే జైలు ఆస్పత్రికీ పంపితే ఆ ఉద్యోగమంటే భయమూ పోతుంది.

విడుదలయ్యే రోజున ఖైదీ చేతికి దాచిన సొమ్ము ఇస్తారు, బట్టలిస్తారు. దాంతోపాటు పది రోజుల మందులు, ఏ జబ్బుకు ఏం వాడుతున్నాడో రాసిన చీటీ ఉంటే అతను బస్సెక్కి మేడ్చల్‌లోనో, శామీర్‌పేటలోనో దిగేసరికి మామూలు రోగి. అవి లేకపోతే మందు ఆగిపోయిన రోగాన్ని వెంటేసుకుని ఇంటికొచ్చే మనిషి. ఆ ఇంట్లో ఉండేది ఏ నేరమూ చేయని వాళ్లే!

మనవాళ్లు లోపల ఉంటే...

* పాత జబ్బుల వివరాలు, మందుల చీటీలు, ఆపరేషన్ కాగితాల నకళ్లు వెంటనే లాయరు ద్వారా కోర్టుకు, జైలు సూపరింటెండెంట్‌కు ఇవ్వాలి. షుగరు, మూర్ఛ, గుండె జబ్బు, క్షయ, మానసిక సమస్యలుంటే తొలిరోజే చెప్పాలి.

* అరెస్టయిన మనిషికి ఒంటిమీద దెబ్బలుంటే రిమాండుకు హాజరుపరిచినప్పుడే మెజిస్ట్రేట్‌కు చెప్పాలి.

* ములాఖత్‌లో బరువు తగ్గడం, దగ్గు, నిద్రలేమి, నిరాశగా మాట్లాడటం గమనిస్తే జైలు అధికారులకు రాతపూర్వకంగా ఇచ్చి, నకలు దగ్గర పెట్టుకోవాలి. తేదీ మర్చిపోవద్దు.

* కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. 1987 నాటి న్యాయ సేవల చట్టం అదే చెబుతోంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించవచ్చు. ఉచిత ఫోను నంబరు 15100.

* తీవ్రమైన జబ్బున్నవారికి, నిస్సహాయులకు, మహిళలకు బెయిలు ఇచ్చే విషయంలో 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 480వ సెక్షన్ వెసులుబాటు కల్పిస్తోంది. లాయరును అడగండి.

* విడుదల రోజున మందులు, వైద్య రికార్డు నకలు అడిగి తీసుకోండి. మర్నాడే దగ్గర్లోని ప్రభుత్వాస్పత్రిలో చూపించండి.